స్కూటీ టైరులో గాలి

ఎనిమిదేళ్లుగా ఒక పాడు పనిని కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. మా ఆవిడకు తెలియదు. మీకు చెబుతున్నాను.

మాది తాండూరు. ఆమె టీచరు. ఆ ఏడాది హెడ్మాస్టర్ ప్రమోషన్లకు వికారాబాద్‌లో కౌన్సెలింగ్ పెట్టారు. పేరు పిలిచినప్పుడు మనిషి లేకపోతే వదులుకున్నట్టే. ఆమెకు పరిగి వైపు బడి వచ్చేలా ఉంది. అంటే రోజూ చీకటితోనే బయలుదేరాలి. మరి పొద్దున్నే జొన్నరొట్టెలు ఎవరు చేస్తారు? బిడ్డకు జడ ఎవరు వేస్తారు? నాకు పట్టిన భయం ఇంతే. ఛీ! చెప్పుకోవడానికి ఓ పెద్ద కారణం కూడా లేదు.

ముందురోజే, బాగున్న నా బండిని మెకానిక్ దగ్గర వదిలేసి వచ్చాను. తెల్లవారి ఆమె నాకోసం రొట్టె కాలుస్తుండగా, వాకిట్లోకి వెళ్లి, ఆమె స్టేషన్‌కు వెళ్లాల్సిన స్కూటీ వెనక టైరులో గాలి తీశాను. బుస్సుమంటుంటే చెయ్యి అడ్డం పెట్టాను. లోపలికొచ్చి ఆ రొట్టెలే తిన్నాను. ఎట్లా మింగుడుపడ్డాయో!

ఆటో దొరికి స్టేషన్‌కు చేరేసరికి రైలు వెళ్లిపోయింది. బస్సెక్కి వెళ్లేసరికి ఆమె పేరు దాటిపోయింది. సాయంత్రం వచ్చి, చెప్పులైనా విడవకుండా గడపలో కూలబడింది.

"నిన్ననే గాలి చూస్కోవాలె గదా. నాదే తప్పు. నువ్వు పరేషాన్ గాకు."

"పోనీ తియ్యి. మల్లొస్తది," అన్నాను.

నన్ను ఓదార్చింది. నన్ను! అప్పుడైనా నోరు తెరవొచ్చు కదా? తెరవలేదు. మళ్లీ పిలుపు వచ్చినప్పుడు "నాతోని గాదులే" అని ఆమే మానుకుంది.

ఇప్పుడు రొట్టెలు నేనే కొడుతున్నాను. మా చెల్లెలు వచ్చినప్పుడల్లా "వదినా, మా అన్న లెక్క మొగుడు ఏడ దొర్కుతడు!" అంటుంది. నేను పళ్లికిలిస్తాను. చేసిన తప్పుకు కుమిలిపోయి పిండి పిసుకుతున్నానా, లేక ఎప్పుడైనా నిజం బయటపడితే ఇన్నేళ్ల రొట్టెలు చూపించి తప్పించుకోవచ్చని లోలోపల లెక్క వేసుకుంటున్నానా అని ప్రశ్నించుకుంటే, నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆమె రోజూ సాయంత్రం టైరును బొటనవేలితో నొక్కి చూస్తుంది. ఎనిమిదేళ్లలో ఒక్కరోజు తప్పలేదు. ఇవాళా నొక్కింది. కిటికీలోంచి చూసి, వచ్చి ఇది రాస్తున్నాను. కొంచెం ఊపిరాడుతోంది. దానికీ సిగ్గుగానే ఉంది.

ఆ గాలి తీసింది నేనే.