కుక్కర్ రబ్బరు మీద ఆంప్లిఫయర్

మా ఆయన హైదరాబాదులో ఎవరి దగ్గరో పాత ఆంప్లిఫయరూ, మోకాలెత్తు స్పీకర్లు రెండూ కొనుక్కొచ్చిన కొత్తలో మా ఇంట్లో పాటలు బాగానే వినబడేవి. ఆఫీసు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని వినేవాడు. నేను బడి నుంచి తెచ్చుకున్న పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ వినేదాన్ని. మా అత్తమ్మ బియ్యంలో రాళ్లేరుతూ వినేది. ముగ్గురికీ ఏ ఇబ్బందీ లేదు.

అప్పుడాయన ఫోనులో ఒక వీడియో చూశాడు. అందులో గడ్డమున్న ఒక పెద్దమనిషి, ‘మీరిన్నాళ్లూ విన్నది అసలు పాటే కాదు’ అన్నాడట. తప్పు స్పీకర్లది కాదట, ఇంటిదట. మెదక్‌లో మా మామగారు కట్టించిన ఇల్లు మాది. వానాకాలంలో ఒక మూల కారడం తప్ప ఎవరికీ ఏ ద్రోహమూ చేసి ఎరగదు. అలాంటిది ఇన్నేళ్లుగా పాటల్ని పాడుచేస్తూ ఉందని ఆ రోజే బయటపడింది.

“ఒక్క పైస ఖర్చు లేకుండ సౌండు డబల్ జేస్కోవచ్చట,” అన్నాడు మా ఆయన మహా ఉత్సాహంగా.

పైసా ఖర్చు లేకుండా అంటే నా వంటింట్లోంచి అని అర్థమని నాకప్పుడు తెలియదు.

మొదట కోడిగుడ్ల అట్టలు వచ్చాయి. కిరాణా దుకాణంలో అడిగి మోపెడు తెచ్చి, హాలు గోడలకు వరసగా జిగురుతో అంటించాడు. మా అత్తమ్మ శనివారం నాడు గుడ్డు పేరు కూడా ఎత్తదు. పొద్దున్నే లేచి చూసి నిర్ఘాంతపోయింది.

“ఏందిరా ఇది? దేవుని పటం పక్కపొంటి గుడ్ల అట్టలేంది?”

“గుడ్లు లేవమ్మా, ఉత్త అట్టలే. ఎకో రాకుంట పెట్టిన.”

“ఎకో ఒస్తే రానీ. ఇంటికొచ్చినదాన్ని ఎందుకు ఎల్లగొడ్తవ్?”

ఎకో పోయిందో లేదో నేను చెప్పలేను గానీ, బల్లులు మాత్రం వచ్చాయి. గుంటకొక కాపురం పెట్టాయి. కొన్నాళ్లకు మరో వీడియోలో మరో గడ్డపాయన, గుడ్ల అట్టల వల్ల ఏ ప్రయోజనమూ లేదని తేల్చేశాడు. మా ఆయన అట్టలు పీకితే వాటితో పాటు సున్నం కూడా లేచొచ్చింది. గోడలకు అమ్మవారు పోసినట్టయింది.

ఆ తర్వాత ఇక అడ్డు లేకుండా పోయింది. ఆంప్లిఫయర్ అదరకూడదని దాని కింద నా కుక్కర్ మూత రబ్బరు పెట్టాడు. పాతది ఉంది, అది తీసుకోండి అంటే సాగిపోయింది పనికిరాదన్నాడు. ఇంటి మెట్లకు చేగుంట నుంచి రాయి తెప్పించినప్పుడు మిగిలిన గ్రానైట్ ముక్క మీద నేను చపాతీలు ఒత్తుకునేదాన్ని. దాన్ని నడిమికి కోయించి, ఒక్కో స్పీకరు కింద ఒక్కో సగం పెట్టాడు. వైర్లు నేలకు తగిలితే సౌండు నేలలోకి ఇంకిపోతుందట. అందుకని టీ గ్లాసులన్నీ బోర్లించి, వాటి మీదుగా వైర్లు పాకించాడు. ప్లగ్గు పిన్నులకు చిలుము పట్టిందని చింతపండు పెట్టి తోమాడు. పండుగకు పూజ సామాను తోముతుంటే ఒక్క చెంబు అందుకోని మనిషి, పిన్నుల్ని మాత్రం ముఖం కనబడేలా తోమాడు. చివరికి మా అత్తమ్మ బొంత తీసుకెళ్లి స్పీకర్ల వెనక గోడకు మేకులు కొట్టి వేలాడదీశాడు.

ఇదంతా భరించవచ్చు. ప్రతిదాని తర్వాత జరిగే పరీక్షే భరించలేకపోయాను. పొయ్యి మీద పోపు మాడుతున్నా సరే, వచ్చి కుర్చీలో కూర్చోవాలి.

“జర మంచిగిను. తేడా తెలుస్తుందా?”

తెలియడం లేదంటే నా చెవులు ఇంకా అలవాటు పడలేదనేవాడు. తెలుస్తోందంటే ఏం తేడానో చెప్పమనేవాడు. నా బడిలో పిల్లల్ని నేనెన్నడూ ఇంత హింస పెట్టలేదు. బతకడానికి రెండు మాటలు నేర్చుకున్నాను. ఒకటి, బేస్ గట్టిపడ్డది. రెండు, గొంతు ముందుకొచ్చింది. వాటిలో ఏదో ఒకటి అనేసి వంటింట్లోకి పరుగెత్తేదాన్ని. ఒకసారి గొంతు చాలా ముందుకొచ్చిందని చెప్పాక, ఆ రోజు ఆయన ఇంకా ఏమీ మార్చలేదని తెలిసింది.

శంకరంపేటలో మా ఆడపడుచు ఉంది, మా ఆయనకు అక్క. ఆమె భర్తకు భూములుండేవి. పక్కనుంచి రోడ్డు పడ్డాక కొంత భూమి ప్లాట్లయింది, ఆయన వ్యాపారస్తులయ్యారు. ఈ మధ్య తెల్లచొక్కాలు కుట్టించుకుని రాజకీయాల్లోకి కూడా వచ్చారు. పెద్ద ఇల్లు కట్టి, దాని హాలుకు తగ్గట్టు మనిషెత్తు స్పీకర్లు తెప్పించారు. అప్పటినుంచి ఫోను చేస్తే మా క్షేమం కంటే ముందు ఆ స్పీకర్ల ధర చెప్పేవారు.

ఒకరోజు మా ఆయనకు రోషం వచ్చింది.

“పైసలు పెడితే సౌండు రాదు బావా. ఒక్కసారి మా ఇంటికొచ్చి ఇనుండ్రి, మీకే తెలుస్తది.”

“వస్తంరా, ఆదివారమే వస్తం. మటన్ వండిపియ్యి. ఇంక సౌండు సంగతంటవా, గాడ జూద్దాం.”

ఆదివారం పొద్దున్నుంచే మా ఆయన స్థిమితంగా లేడు. ఇంత చేసీ, అంత గొప్ప బావ ముందు బొంతా కుక్కర్ రబ్బరూ బయటపడతాయని సిగ్గుపడ్డాడు. బొంత మీద కొత్త పరదా కట్టాడు. ఆంప్లిఫయర్ పెట్టిన బల్లకు చుట్టూ బట్ట దించాడు. టీ గ్లాసులు కనబడకుండా సోఫా జరిపాడు. మటన్ తెచ్చి నా చేతిలో పెట్టి, కారుకు దారి చూపించడానికి సందు మొగదలకు వెళ్లి నిలబడ్డాడు.

ఆ తర్వాత జరిగినదాంట్లో కుట్ర ఏమీ లేదు. మటన్ కుక్కర్‌లో వేసి మూత పెట్టబోతే రబ్బరు లేదు. అది ఎక్కడుందో నాకు తెలుసు. వెళ్లి ఆంప్లిఫయర్ ఒక చేత్తో ఎత్తి రబ్బరు లాక్కుని, బట్ట మళ్లీ సర్దాను. వచ్చేవాళ్లకు టీ పోయడానికి గ్లాసులు లేవు. అవీ తీసి కడిగాను. చాలా రోజుల ముసురు తర్వాత ఆ పూటే ఎండ కాసింది. పరదా ఎందుకు కట్టారో మా అత్తమ్మకు ఎవరూ చెప్పలేదు. ఆమె దాని వెనక్కి చెయ్యి పోనిచ్చి, తన బొంత తను తీసుకుని మిద్దె మీదికి పోయింది.

శంకరంపేట ఆయన వచ్చారు. వెంట ఒక అనుచరుడు ఉన్నాడు. ఆయన ఏమంటే అది మళ్లీ ఇంకొంచెం గట్టిగా అనడం అతని ఉద్యోగం. ఇద్దర్నీ కూర్చోబెట్టి, మా ఆయన పాట పెట్టాడు. శంకరంపేట ఆయన కళ్లు మూసుకున్నారు. అది చూసి అనుచరుడు ఇంకా గట్టిగా మూసుకున్నాడు.

పాట సగమయ్యాక ఆయన తలాడించారు. “బేస్ గట్టిగున్నదిరా. నిజంగనే ఏమో జేసినవ్.”

“మస్తు గట్టిగున్నదన్నా,” అన్నాడు అనుచరుడు. “ఈడ, ఛాతిల తాకుతున్నది.” చెయ్యి గుండె మీద పెట్టి చూపించాడు.

మా ఆయన ముఖం చూడాలి అప్పుడు. ఇన్నాళ్ల తపస్సుకు దేవుడు ప్రత్యక్షమైనట్టుంది. సిగ్గు ఎటు పోయిందో, ఇక ఆగలేకపోయాడు.

“ఎట్లొచ్చిందో జూపిస్త బావా. ఇదంత గీ బొంత మహిమ,” అంటూ పరదా పక్కకు లాగాడు.

పరదా వెనక అమ్మవారు పోసిన గోడ ఉంది. ఆయన ఆ గోడకేసి కాసేపు చూశాడు. వంగి బల్ల బట్ట ఎత్తాడు. ఆంప్లిఫయర్ ఉత్త చెక్క మీద కూర్చుని ఉంది. సోఫా వెనక్కి తొంగిచూశాడు. వైర్లు చచ్చిన పాముల్లా నేల మీద పడి ఉన్నాయి. వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. సరిగ్గా అప్పుడే నేను గ్లాసుల్లో టీ తీసుకుని వచ్చాను.

“అమ్మా, బొంతేది?” అన్నాడు నా చేతిలోని గ్లాసులనే చూస్తూ.

“ఎండకేసిన కొడకా,” అంది మా అత్తమ్మ గడపలోంచి. “ముసురుకు ముక్కవాసనొస్తున్నది. నువ్వు దాన్ని గోడకు గొడ్తివి, అది ఆరేదెట్ల?”

మరొకరైతే నాలుక కరుచుకునేవారు. శంకరంపేట ఆయన రాజకీయాల్లో ఊరికే లేరు.

“జూసినవా? ఏం పెట్టకుంటనే గింత మంచిగున్నది. నువ్వుత్తగ పరేషాన్ అయితున్నవ్.”

“నేనూ గదే అనుకున్నన్నా,” అన్నాడు అనుచరుడు. అతని చెయ్యి ఇంకా గుండె మీదే ఉంది.

ఇద్దరూ కడుపునిండా తిని వెళ్లారు. నేను వంటింట్లోకి వెళ్లి నవ్వు ఆపుకోలేకపోయాను. మా ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. ఆ వారమంతా వీడియోలు మాని, స్పీకర్లను గోడకు కాస్త కాస్త దూరం జరపడం, వచ్చి కుర్చీలో కూర్చోవడం, మళ్లీ జరపడం. నన్ను పిలవడం మానేశాడు. అదే నాకు కష్టంగా తోచింది.

ఒక సాయంత్రం పప్పు ఎనుపుతుంటే హాల్లోంచి, పాడే ఆవిడ చరణం ఎత్తుకోబోతూ ఊపిరి తీసుకోవడం వినబడింది. ఆ పాట నేను చిన్నప్పటినుంచీ విన్నదే, ఆ ఊపిరి ఎన్నడూ వినలేదు. పప్పుగుత్తి చేతిలో పట్టుకునే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. స్పీకర్లు గోడ విడిచి మూరెడు ముందుకొచ్చి, మనుషులు నడిచే దారికి అడ్డంగా ఉన్నాయి. ఆవిడ మాత్రం వాటి మధ్య చాప వేసుకుని పాడుతున్నట్టే ఉంది. నాకు తెలిసిన రెండు మాటలూ దీనికి చాలలేదు. పాట అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.

కొన్నాళ్లకు శంకరంపేటలో మా ఆడపడుచు వ్రతం చేసుకుంటూ పిలిచింది. బండి మీద వెళ్లాం. హాలంతా పాలరాయి, కిటికీలంతా అద్దాలు. మనిషెత్తు స్పీకర్లు రెండు మూలల్లో ఇరికించి ఉన్నాయి. భక్తిపాట పెడితే, ఎవరో బావిలో పడి కేకలేస్తున్నట్టుంది. ఇంటాయన బయట షామియానా కింద జనంతో ఉన్నారు.

“తమ్మీ, ఇది పెడితే చాలు నాకు తలకాయ నొస్తది,” అంది ఆడపడుచు మెల్లగా. “మీ బావకు జెప్తే నా చెవులే ఖరాబంటడు. జర జూడురా.”

మా ఆయన స్పీకర్ల వెనక్కి వంగి చూశాడు. ఒకదానికి వైర్లు తిరగబడి ఉన్నాయట, ఎర్రది నల్లదాంట్లో, నల్లది ఎర్రదాంట్లో. ఒకటి ముందుకు నెడుతుంటే రెండోది వెనక్కి గుంజుతోందన్నాడు. వైర్లు సరిచేసి, స్పీకర్లను మూలల్లోంచి బయటికి లాగి, లోపల చుట్టి పెట్టిన జంఖానా తెప్పించి నేల మీద పరిపించాడు. మళ్లీ పాట పెట్టాడు.

ఆడపడుచు కుంకుమ పళ్లెం పట్టుకుని ఉన్నచోటే ఆగిపోయింది. “అరే తమ్మీ, మాటలినవడ్తున్నయిరా!”

బయటున్నవాళ్లకూ వినబడింది కాబోలు, ఇంటాయన నలుగురిని వెంటేసుకుని లోపలికొచ్చారు. హాలు మధ్య నిలబడి కళ్లు మూసుకున్నారు.

“జూసిండ్రా? కంపెనీ మాల్ అంటే గిట్లుంటది. వాడంగ వాడంగ సౌండు ఖుల్ల అయితది.”

“కంపెనీ మాల్ కంపెనీ మాలే అన్నా,” అన్నాడు అనుచరుడు.

నేను నోరు తెరిచాను. మా ఆయన నాకేసి చూసి తల అడ్డంగా ఊపాడు. ఆడపడుచు పళ్లెంలోకి చూస్తూ, “భోజనాలకు లేవుండ్రి,” అంది అందరితో.

తిరిగొస్తుంటే బండి మీద ఆయన వెనక కూర్చుని ఉండబట్టలేక అడిగాను. “ఒక్క మాట జెప్పొద్దా? మీరు జేసిండ్రని?”

“జెప్తే ఏమైతది? రోషానికి మళ్ల వైర్లు తిప్పేస్తడు. అక్కకు మళ్ల తలనొప్పి.”

నా కోపం మాత్రం తగ్గలేదు. దారి పొడవునా శంకరంపేట ఆయన ముఖం మీద అనాల్సిన మాటలు ఒక్కొక్కటే కూర్చుకుంటూ వచ్చాను. ముందు కూర్చున్న మనిషి అప్పటికే వ్రతంలో విన్న పాట అందుకున్నాడు. శ్రుతి లేదు, సగం మాటలు తప్పు, మిగతా సగం గాలికి ఎగిరిపోతున్నాయి.