మంచం కిందికి తోసిన కార్టన్

గల్ఫులో, ముసఫ్ఫాలోని మా వర్క్‌షాపుకు యంత్రాలు అమ్మిన చైనా కంపెనీ తరఫున దుబాసీగా వచ్చిన ఆమె ఇక్కడ ఉన్నది పది రోజులే. రెండేళ్లకు ఆ పది రోజుల మీద పుస్తకం రాసింది. చైనాలో పేరొచ్చి, ఇంగ్లీషులోకి వెళ్లి, ఇంకో నాలుగు భాషల్లోకి పోతోందట. కొరియర్‌లో నాకూ ఒక ఇంగ్లీషు కాపీ పంపింది. చూడగానే నా కడుపు మండింది.

మండదా మరి? పదకొండేళ్లుగా ఇక్కడే స్టోర్‌కీపర్ని. ఈ దేశం మీద యాత్రాగ్రంథం రాయాలని నాలుగు నోటుపుస్తకాలు నింపాను. ఎప్పుడో ఒక చైనా భిక్షువు కృష్ణ ఒడ్డుదాకా నడిచొచ్చి రాసిపెట్టిందే చదువుకుని, మన పాత ఊళ్ల సంగతి ఇప్పటికీ మనమే చెప్పుకుంటున్నాం. మళ్లీ వాళ్లేనా?

సెలవు రోజున ఆమెకు ఊరు చూపించింది నేనే. విజిట్ వీసా మీద వచ్చిన చుట్టాలకు చూపించేవే చూపించాను: పెద్ద మసీదు, షాపింగ్ మాలు, సముద్రపు ఒడ్డు. చివరికి మా రూము కూడా చూస్తానంది. ఆ వారమే నా రూమ్మేట్ సెలవు మీద ఊరికి పోతున్నాడు. అతని సామాన్ల అట్టపెట్టె, కార్టన్, మంచం పక్కనే ఉంది. నైలాన్ తాడుతో బిగించి, మార్కర్‌తో పేరు, ఊరు, మండలం, జిల్లా పెద్దక్షరాల్లో రాసి ఉంది. నాకు సిగ్గేసింది. కాలితో మంచం కిందికి తోసేశాను.

పుస్తకంలో మసీదుకు ఒక్క పేరా. మాలు ఊసే లేదు. కార్టన్ మీద మాత్రం పద్నాలుగు పేజీలు. వెళ్లే రోజున ఎయిర్‌పోర్టులో అలాంటివే వరసగా చూసిందట. ఆ తాళ్ల ముడులు కూడా వదల్లేదు మహాతల్లి!

నా నోటుపుస్తకాలు తిరగేశాను. ఏ మేడకు ఎన్ని అంతస్తులో రాసుకున్నాను గానీ కార్టన్ మాట ఎక్కడా లేదు. ఊరికి పోయిన ప్రతిసారీ నేనూ ఒకటి కట్టినవాణ్ణే.

“ఏందన్నా, మొఖం గట్ల వెట్టినవ్? నా డబ్బ గురించి మంచిగనే రాసింది గదా,” అన్నాడు రూమ్మేట్.

“ఖలాస్. ఇగ నేను రాసేటిదేం మిగల్లే,” అన్నాను.

ఆ అధ్యాయం చివర ఒక మాట ఉంది. ఆ పెట్టెలో ఏముందో తనకు తెలియదని, ఎవరూ తెరిచి చూపించలేదని.

నాకు తెలుసు. అందులో మూడు జతల పిల్లల చెప్పులున్నాయి, మూడూ వేరువేరు సైజులు. రూమ్మేట్ తన బిడ్డను చూసి అప్పటికి మూడేళ్లయింది, పాదం ఎంత పెరిగిందో అతనికి తెలియదు. ఏ సైజు కొనాలో కొట్లో ఇద్దరం గంటసేపు వాదులాడుకున్నాం.

ఐదో నోటుపుస్తకం ఆ చెప్పుల దగ్గరే మొదలుపెట్టాను. ఆమె మీద కుళ్లు మాత్రం ఇంకా పోలేదు.