గీత కూడా పడని మాస్టారి హెల్మెట్

నిన్న పదింటికి షాపు షట్టర్ సగం ఎత్తానో లేదో, ఫోను.

మాస్టారి స్కూల్లోనే పనిచేసే లెక్కల సార్. "శ్రీనూ, మన సుధాకర్ మాస్టారు పోయారయ్యా. బాపట్లలో."

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "హెల్మెట్ పెట్టుకున్నారా సార్?"

హెల్మెట్లు అమ్ముకునేవాడి బుద్ధి అంతే. రోజూ బండి మీద తిరిగే మనిషి పోయారంటే నాకు ఇంకేం తోస్తుంది.

"యాక్సిడెంట్ కాదయ్యా. గుండె."

స్కూలు పని మీద వానలోనే బాపట్ల వెళ్లారట. టీ కొట్టు దగ్గర బండి స్టాండేసి, హెల్మెట్ తీసి బెంచీ మీద పెట్టారట. కళ్లజోడు తీసి అందులో పెట్టారట. తుడుచుకోవడానికి కర్చీఫ్ తీస్తూ తీస్తూ అలాగే పక్కకి ఒరిగిపోయారట.

సాయంత్రం వాళ్లింట్లో ఆ హెల్మెట్ చూశాను. ఒక్క గీత లేదు.

ఏడుపు కంటే కోపం ఎక్కువ వస్తోంది నాకు. అందుకే రాస్తున్నా.

మాస్టారు తెలియనివాళ్ల కోసం: ఆయనది మన తెనాలి పక్కనే, అంగలకుదురు. రేపల్లె అవతల హైస్కూల్లో సైన్స్ చెప్పేవారు. రైలు దిగాక కూడా స్కూలు చాలా దూరం, అందుకని బండే. లావుపాటి కళ్లద్దాలు. అవి లేకపోతే ఎదురొచ్చేది లారీయో గేదెల బండో తెలీదు ఆయనకి.

వానలు మొదలవగానే షాపుకొచ్చారు.

"ఈ ఫుల్ ఫేస్‌తో వేగలేకపోతున్నానయ్యా. అద్దాలు తుడవాలంటే ముందు హెల్మెట్ తియ్యాలి, మళ్లీ జోడు తీసి హెల్మెట్ పెట్టాలి, సందులోంచి జోడు దూర్చాలి. గడ్డం దగ్గర పైకి లేచేవి ఉంటాయంటగా, అవి చూపించు."

ఆ రకాన్ని ఫ్లిప్ అప్ అంటాం, నాకు పది నిమిషాల బేరం. మాస్టారికి మూడు వారాలు పట్టింది.

ఒక్కో సాయంత్రం ఒక్కో హెల్మెట్. తలకి పెట్టుకుని, నా స్టూలు మీద కూర్చుని, అరగంట పేపర్ చదివేవారు. కళ్లజోడు కాడలు చెవుల మీద నొక్కుతున్నాయో లేదో చూడాలట. తర్వాత మొహం మీది అద్దం, అదే వైజర్, దించి, లోపల్నించి కాంతి పాఠం గట్టిగా చెప్పేవారు. అద్దాలకి ఆవిరి పడితే అది రిజెక్టు. వచ్చిన కస్టమర్లు నా వైపు చూసేవారు, నేను ఫ్యాను వైపు చూసేవాడిని.

నల్ల వైజర్ స్టైల్‌గా ఉంటుంది తీసుకోండి మాస్టారూ అన్నాను ఒకసారి.

"వానలో నల్లదెందుకయ్యా. నా కళ్లకున్న మబ్బు చాలదా."

చివరికి ఒకటి నచ్చింది. తెల్ల వైజర్, లోపల ఆవిరి పట్టకుండా షీటు, ఒక్క చేత్తో ఊడే క్లిక్ లాక్. కొన్నారా? లేదు. షాపు ముందు మెట్టు మీద కూర్చుని, "బకెట్టుతో నీళ్లు పొయ్యి" అన్నారు. కారుతుందో లేదో చూడాలట.

పోశాను. సెంటర్లో జనం ఆగిపోయారు. ఆటో అతను ఒకడు అరిచాడు, "ఏంటి మాస్టారూ, మళ్లీ బాప్తిస్మమా?"

గడ్డం భాగం పైకెత్తి, మొహం బయటపెట్టి చెప్పారు మాస్టారు. "మా లూథరన్ చర్చిలో నెత్తి మీద పోస్తే చాలు నాయనా, ముంచక్కర్లేదు. ఇది పాసైంది శ్రీనూ, బిల్లు రాయి."

అంత చూసుకున్నారు తలకాయని.

నెల తిరక్కుండా మళ్లీ వచ్చారు. "హెల్మెట్ బరువుందయ్యా. ఎడమ భుజం లాగేస్తోంది."

నేనేమన్నానో అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "ఫ్లిప్ అప్‌కి గడ్డం దగ్గర కీలు, ఇనప లాకు ఉంటాయి కదండీ. మామూలువాటి మీద బరువే. పది రోజుల్లో అలవాటైపోద్ది."

ఇంకోసారి వచ్చి, వైజర్ దించితే ఊపిరాడట్లేదు, లోపల చెమటలు పోస్తున్నాయి అన్నారు. గాలి వచ్చే రంధ్రాల్లో దుమ్ము పట్టి ఉంటుందని బ్రష్ పెట్టి తుడిచి ఇచ్చాను.

తుడిచి ఇచ్చాను. ఎంత తెలివైనవాడినో చూడండి.

నిన్న సాయంత్రం మాస్టారి భార్య, నేను అక్క అంటాను, నన్ను చూసి కూర్చోమన్నారు. మెల్లగా చెప్పారు.

"ఇంట్లో కూర్చున్నా లాగేది తమ్ముడూ. ఆదివారం చర్చిలో కూడా భుజం పట్టుకునే ఉన్నారు. డాక్టరుకి చూపిద్దాం అంటే, హెల్మెట్ బరువంట, అలవాటైపోద్దంట, శ్రీను చెప్పాడు అన్నారు."

తిట్టినట్టు కూడా చెప్పలేదు. తిడితే బాగుండేది.

హెల్మెట్ తీసేశాక కూడా నొప్పి ఉంటుందా మాస్టారూ? ఈ ఒక్క ముక్క నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. కారణం తేలాలంటే ఒక్కొక్కటీ తీసేసి చూడండ్రా అని పిల్లలకి చెప్పే మనిషి. నీళ్లు పోయించుకుని టెస్ట్ చేసిన మనిషి. ఆ ఒక్క టెస్టూ వదిలేశారు. రేపల్లె దాకా రోజూ ఆసుపత్రుల ముందు నుంచే కదా మాస్టారూ వెళ్లేది. ఒక్కరోజు బండి ఆపి ఈసీజీ తీయించుకుంటే ఏం పోయేది.

నిన్నట్నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్లూ "పాపం, హెల్మెట్ లేదా?" అంటున్నారు. ఉంది. బంగారం లాంటిది ఉంది. దయచేసి ఆ మాట నన్నడగొద్దు.

ఇకనుంచి నా షాపుకొచ్చి భుజం లాగుతోంది అన్నవాళ్లకి హెల్మెట్ మార్చి ఇవ్వను. షట్టర్ దించేసి, బండెక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్తా. తిట్టుకుంటే తిట్టుకోండి.

ఈ సాయంత్రం అంగలకుదురులో భూస్థాపన. వాన పడేలా ఉంది, వచ్చేవాళ్లు జాగ్రత్తగా రండి.

వెళ్లి రండి మాస్టారూ. మీరు నమ్మిన ప్రభువు దగ్గర, అద్దాలు తుడుచుకునే పని లేకుండా, భుజం దించుకుని హాయిగా కూర్చోండి.