అత్త ఊరి మీద నుంచి వెనక్కి

మా మేనత్తను అండమాన్‌లో ఇచ్చారు. పోర్ట్‌బ్లెయిర్‌లో వాళ్లకు కిరాణా కొట్టు. నా చిన్నతనంలో ఆమె మా ఊరు బరంపురం రావాలంటే ముందు విశాఖ దాకా ఓడలో రావాలి. రోజుల తరబడి సముద్రం, వాంతులు. పెళ్లయ్యాక రెండుసార్లే వచ్చింది. నాన్నకు నీళ్లంటే భయం, ఒక్కసారీ ఓడ ఎక్కలేదు.

ఆమెకు గుండె జబ్బని తెలిశాక, విశాఖ నుంచి విమానంలో రెండు గంటలేనని ఫోన్‌లో చూసి నాన్నకు చెప్పాను.

"రెండు గంటలా? ఇక్కడ్నుంచి విశాఖ ఎల్లడానికే అంతకన్నా ఎక్కువ పడతాది కదరా! మరి ఇన్నాళ్లూ ఏటి సేసినాం మనం?"

నవ్వుతూనే అన్నాడు. ఆ సాయంత్రమే టిక్కెట్లు తీయమన్నాడు.

అత్తకు ఇష్టమని అప్పడాలు కట్టించాడు, బరంపురం పట్టుచీర ఒకటి తీసుకున్నాడు. విమానంలో కిటికీ పక్క సీటు ఆయనకిచ్చాను. సముద్రం దాటాక పచ్చటి దీవులు కనబడి, అంతలోనే మబ్బులో కలిసిపోయాయి. విమానం కుదుపులతో చుట్టూ తిరిగింది, మళ్లీ తిరిగింది. వానలో రన్‌వే కనబడటం లేదని, విశాఖకు వెనుదిరుగుతున్నామని పైలట్ హిందీలో చెప్పాడు.

నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "మా సెల్లి కిందనే ఉంది కదరా. ఇంకొక్కపాలి సూడమను."

విశాఖలో దిగాక, ఎల్లుండి విమానంలో సీట్లిస్తామన్నారు. అక్కడే ఉండిపోదామని నేనన్నాను. ఆ కుదుపులకు బెదిరిన నాన్న అప్పటికే సంచి భుజాన వేసుకున్నాడు. "వానలు తగ్గనీ. అప్పుడెల్దాం. రెండు గంటలే కదా" అన్నాడు.

అత్తకు ఫోన్ చేశాం. ఒంట్లో బాగోకపోయినా కొడుకుతో కలిసి ఎయిర్‌పోర్టుకు వచ్చి నిలబడిందట.

"అన్నయ్యా, సప్పుడు ఇన్నాను. అదే మీ ఇమానమని మావోడు సెప్పినాడు. తలెత్తి సూసినాను గానీ, మబ్బుల్లో ఏటీ అవుపడనేదు."

"ఈపాలి దిగుతానమ్మా" అన్నాడు నాన్న.

వానలు తగ్గకముందే అత్త పోయింది.

కబురు అందిన మర్నాడు బయల్దేరాం. ఆకాశం నిర్మలంగా ఉంది. విమానం ఒక్క కుదుపు లేకుండా దిగింది. చుట్టూ అందరూ సామాన్లు దించుకుంటుంటే నాన్న బెల్టు కూడా విప్పకుండా కూర్చుండిపోయాడు. నేనే విప్పి లేపాను.

ఇంటికెళ్లాక బావ మమ్మల్ని ముందుగదిలోకి తీసుకెళ్లాడు. అక్కడ మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. ఆ వానరోజు మా కోసమని అత్త పరిపించిందట. అన్నయ్య వచ్చేదాకా ఎవర్నీ పడుకోనివ్వలేదట.

"కూకో మావయ్యా" అన్నాడు బావ.

నాన్న మంచం మీద కూర్చోలేదు. దాని కోడు పట్టుకుని, పక్కనే నేల మీద కూలబడ్డాడు.