వలపటి దేవమ్మ

ఒంగోలు గిత్తలన్నిటినీ వరసగా నిలబెట్టి చూసుకోండి, రెంటచింతల చుట్టుపక్కల మా అమ్మమ్మ దేవమ్మను మించిన వలపటి ఎద్దు ఇంతవరకు పుట్టలేదు, ఇకమీదట పుట్టబోదు. ఊళ్లో ఆమెను వలపటి దేవమ్మ అంటేనే గుర్తుపడతారు. కాడికి కుడిపక్క కట్టే ఎద్దు వలపటిది, ఎడమపక్కది దాపటిది. ఒక పక్క అలవాటు పడ్డ ఎద్దు చచ్చినా రెండో పక్కకు రాదు. అది తెలియనివాళ్లకు మా అమ్మమ్మ గొప్ప ఎంత చెప్పినా తలకెక్కదు.

యాభై ఎనిమిదో సంవత్సరం. రోహిణి ఎండలకు రెంటచింతలలో కాకులు కూడా నోళ్లు తెరుచుకుని తిరిగాయి. మృగశిరలో ఒకే ఒక్క మంచి వాన పడింది. నల్లరేగడిలో ఆ పదును నిలిచేది మూడు రోజులు. ఆలోగా గింజ పడకపోతే ఆ ఏటికి అంతే. సరిగ్గా వాన వెలిసిన పూటే దేవమ్మ వలపటి ఎద్దు కర్రోడు పాము కరిచి చచ్చిపోయాడు. మిగిలింది దాపటి మైలోడు, రెండెకరాల చేను, బుట్టెడు కొర్ర విత్తనాలు, ఆరోగ్యస్వామి అనే మొగుడు.

మొగుడు మంచివాడే. ఏమడిగినా "నీ ఇష్టమేనే" అంటాడు. ఆ మాట విని విని దేవమ్మకు ముప్పై ఏళ్లకే జుట్టు నెరిసింది.

ముందు ఆమె నరసింహారావు గారి కొట్టం దగ్గరికి వెళ్లింది. ఆయనకు నాలుగు జతల ఎడ్లు.

"ఎడ్లదేముందే, తోలుకపో. మీ మణెమ్మను మాత్రం ఏడాదిపాటు మా గొడ్లకాడికి పంపు," అన్నాడాయన.

మణెమ్మ అంటే మా అమ్మ. అప్పటికి సిస్టర్ల బడిలో ఐదో తరగతి అయింది. సోమవారం ఆరులో చేరాలి.

"పిల్ల చదువుకుంటంది గదయ్యా."

"చదివి ఏం జేసిద్దే? పేడ ఎత్తటానికి అక్షరాలెందుకు?"

దేవమ్మ వచ్చేసింది. కతోలిక గుడిలో జపాలు నేర్పే ఉపదేశి రాజారత్నం, చేను బీడు పెట్టి సాగర్ డ్యామ్ కాడికి రాళ్లు మోయడానికి పొమ్మన్నాడు. ఇంటికి తాళం వేస్తే మణెమ్మ బడికీ తాళం పడినట్టే. మైలోణ్ణి అమ్మెయ్యమన్నవాళ్లూ ఉన్నారు. వచ్చే ఏడు ఎవరి కొట్టం ముందు నిలబడాలో వాళ్లు చెప్పలేదు. ఇక మిగిలింది పక్క చేను కాలేషా. అతనికీ ఒంటెద్దే. కానీ అతని బూడిదోడు కూడా దాపటివాడే! రెండు దాపటి ఎడ్లను కట్టి విత్తితే సాళ్లు చెడి గింజ మట్టిపాలవుతుంది. మళ్లీ విత్తడానికి ఇంట్లో ఇంకో గింజ లేదు.

"ఏం జేద్దామయ్యో?"

"నీ ఇష్టమేనే."

"నా ఇష్టమయితే కర్రోడు బతికుండేవోడు," అని దేవమ్మ విత్తనాలు చాటలో పోసుకుని బెడ్డలేరుతూ కూర్చుంది. చాట సగమయ్యేసరికి లేచింది. "కాలేషాను పిలువు. తప్పిందంటే కడుపులు మాడతయ్, అంతే గదా. పిల్ల మాత్రం బడి మానదు."

"పిల్లకూ కడుపుంది గదే," అన్నాడు ఆరోగ్యస్వామి, జీవితంలో మొదటిసారి ఎదురు చెప్పి.

"సిస్టర్లు గంజి పోస్తార్లే. నీ సంగతి జూసుకో."

ముందు కాలేషా చేను, మర్నాడు దేవమ్మ చేను అని ఒప్పందం. తెల్లవారి ఆరోగ్యస్వామి విత్తే గొర్రు పట్టాడు. కాలేషా భార్య ఫాతిమా గింజ పోయడానికి వెనక నిలబడింది. వయసులో చిన్నవాడని బూడిదోణ్ణి కుడిపక్క కట్టారు. వాడు నాలుగడుగులు వేసి ఆగాడు. అదిలిస్తే మైలోణ్ణి తోసుకుంటూ గిర్రున తిరిగాడు. మొదటి సాలు పాము పాకినట్టు వచ్చింది. గట్టు మీద జనం పోగయ్యారు.

"ఇది అయ్యే పని గాదక్కా. ఇప్పేద్దాం," అన్నాడు కాలేషా.

దేవమ్మ బూడిదోణ్ణే చూస్తోంది. ఆగిన ప్రతిసారీ వాడు కుడిపక్కకు తల తిప్పుతున్నాడు. కాడి మెడకెత్తుకున్న నాటి నుంచీ ఆ పక్కన ఒక తోడుండేది. ఇప్పుడు ఖాళీ.

"వీడు మొండోడు గాదురా కాలేషా. జోడీని ఎతుక్కుంటన్నాడు."

చీర ఎగ్గట్టుకుని వెళ్లి వాడి కుడిపక్కన నిలబడి, భుజం వాడి మెడకు ఆనించింది. పైకే జపమాల ప్రార్థన ఎత్తుకుంది. బూడిదోడు ఆమెను ఒకసారి వాసన చూశాడు. కదిలాడు.

"ఏమే దేవమ్మా, పొద్దుగూకినాక చొప్ప ఎయ్యమంటావా?" అని గట్టు మీంచి ఆంజనేయులు అరిచాడు.

"నువ్వు తినగా మిగిలితే తీసకరారా!" అని, ఆపిన చోటు నుంచే మళ్లీ జపం అందుకుంది.

ఆ రోజు కాలేషా చేను, మర్నాడు తన చేను. రెండో రోజు ఒక మలుపులో బూడిదోడి గిట్ట ఆమె ఎడమకాలి చిటికెన వేలు మీద పడింది. కొంగు చింపి కట్టుకుని మళ్లీ భుజం ఆనించింది. పదును ఆరేలోగా గింజంతా నేలలో పడింది.

సాళ్లు మాత్రం వంకరే. కొర్ర కొన్నిచోట్ల గుబురుగా, కొన్నిచోట్ల బట్టతలలా మొలిచింది. నాలుగు బస్తాలు పండాల్సిన చేలో రెండున్నర పండాయి. ఆ ఏడు వాళ్లింటి గంజిలో నీళ్లే ఎక్కువ. సోమవారం మణెమ్మ బడికి వెళ్లింది, పోను పోను టీచరయింది. ఆ టీచరు కొడుకు తొమ్మిదో తరగతి రెండుసార్లు తప్పాడంటే దానికి దేవమ్మ బాధ్యురాలు కాదు.

ఇదంతా రాసి, చదివి వినిపించి, "గింజ మొలవకపోతే ఏం జేసేదానివి అమ్మమ్మా?" అని అడిగాను. ఆమె పక్కకు తిరిగిన చిటికెన వేలికి ఆముదం రాసుకుంటోంది. తలెత్తలేదు.

"ఏం జేసేదాన్ని? మీ అమ్మ నరసింహారావు కాడ పేడెత్తేది. నువ్వూ ఎత్తేవోడివి. ఇట్టా కాయితాలు ఖరాబు జేసేదానికన్నా ఆ పేడే నయం గదరా, చేనుకైనా పనికొచ్చేది."