సన్న కట్టెల మిషను

1989లో గోదావరిఖనిలో నాకు చిన్న వర్క్‌షాపు ఉండేది. ఒక లేత్, ఒక వెల్డింగ్ సెట్, ఒక డ్రిల్లింగ్ మిషను. సైకిల్ ఫ్రేముల వెల్డింగ్ నుంచి పిండిగిర్నీ షాఫ్టుల దాకా ఏ పని వచ్చినా చేసేవాణ్ని. ఒకసారి చూస్తే చాలు, ఏ మిషనైనా అట్లాగే తయారు చేయగలనని కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ ఎండాకాలం లచ్చక్క వచ్చింది. ఆమె భర్త కనకయ్య బొగ్గు బావిలో పైకప్పు కూలి నడుం దెబ్బతిని, మెడికల్ అన్‌ఫిట్ అయి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఇద్దరూ కట్టెల అడితి పెట్టుకున్నారు. బొగ్గు దొరికే ఊళ్లో కట్టెలు ఎవరు కొంటారని బయటివాళ్లకు అనుమానం. బొగ్గు పొయ్యి రాజుకోవాలంటే ముందు కట్టె మండాలి. పెళ్లి వంటలవాళ్లకైతే కట్టెలే కావాలి.

"తమ్మీ, నీలగిరి కట్టె వస్తుంది. అన్నీ సన్నయే. గొడ్డలి ఏస్తే ఎగిరిపడుతున్నయ్. చేతి రంపంతోని పొద్దంత కోసినా ఒక్క హోటలుకు సరిపోతలెవ్వు. ఏదన్న మిషిన్ చూడరాదు," అంది.

"సామిల్లుల కోపియ్యరాదు అక్కా?"

"మణికట్టంత కట్టెను వాళ్లు ముడుతలేరు. హోటలాయన వారం చూస్తనన్నడు. లేకుంటే ఇంకోకాడ కొనుక్కుంటడట."

నేను పెద్దపల్లి వెళ్లి ఒక సామిల్లులో సర్క్యులర్ సా చూశాను. బల్ల మధ్య చీలికలోంచి గుండ్రటి రంపపు బిళ్ల తిరుగుతూ ఉంటుంది, దుంగను దాని మీదికి తోస్తారు. వారం లోపే అచ్చం అట్లాంటిదే చేసి అడితిలో బిగించాను. మొదటి రోజు లచ్చక్క కోసిన కుప్ప చూసి కనకయ్య నవ్వాడు.

నాలుగో రోజు కట్టె దొర్లింది. సన్న కట్టె గుండ్రంగా, తేలిగ్గా ఉంటుంది. పళ్లు తగలగానే గిర్రున తిరుగుతుంది, లేదా ఎదురు తంతుంది. దీన్ని కిక్‌బ్యాక్ అంటాం. పెద్ద దుంగ తన బరువుతో తానే నిలబడుతుంది. సన్న కట్టెను చెయ్యే పట్టుకోవాలి. ఆ కట్టెతో పాటు లచ్చక్క ఎడమ చెయ్యి కూడా లోపలికి పోయింది. రెండు వేళ్లు సగానికి తెగిపోయాయి.

దవాఖానకు వెళ్లేసరికి కనకయ్య బయట బెంచీ మీద ఉన్నాడు. తిడతాడనుకున్నాను.

"ఆమె తన తప్పే అంటుంది. నాకు సమజ్ అయితలేదు. నువ్వు చెప్పు, యాకూబూ," అన్నాడు.

"తప్పు నాది బావా. దుంగలు కోసే బల్లను సన్న కట్టెలకు పెట్టిన."

ఆయన తల ఊపాడు. మిషను తీసుకుపోతానని చెప్పడానికి లోపలికి వెళ్లాను. లచ్చక్క ఒప్పుకోలేదు.

"తీస్కపోతే మళ్ల గొడ్డలే. ఈ చేతితోని గొడ్డలి ఎట్ల పట్టాలె? మంచిగ చేసియ్యి."

బిళ్ల విప్పి ఇంటికి తెచ్చాను. తర్వాత రెండు రోజులు ఏ పనిముట్టూ లేకుండా అడితిలో కూర్చున్నాను. కనకయ్య కూర్చునే చేతి రంపంతో కోస్తున్నాడు. కుప్పలోంచి కట్టె లాగడం, కొలత చూసుకోవడం, కదలకుండా అదిమి పట్టడం. రంపం ఆడేది కాసేపే.

"కోసుడు ఎంతసేపు? ఒక్కొక్కదాన్ని పట్టుకునుడే పని," అన్నాడు కనకయ్య. "నడుం బాగుంటే ఐదారు కలిపి కట్టి ఒక్కపారే కోద్దును."

నేను వెతుకుతున్నది ఆ మాటలోనే ఉంది. బిళ్లకు ఎదురుగా యాంగిల్ ఇనుముతో ఉయ్యాల తొట్టిలాంటిది చేశాను. అందులో ఐదారు కట్టెలు వేస్తే ఒకదాన్నొకటి ఒత్తుకుని దొర్లవు. చివర అడ్డం పెట్టిన రేకుకు ఆనిస్తే పొడవు సరిపోతుంది, కొలత చూడక్కర్లేదు. రెండు చేతులూ దూరంగా ఉన్న హ్యాండిల్ మీద ఉంచి తొట్టిని బిళ్ల మీదికి తోయాలి. వదిలితే స్ప్రింగు వెనక్కి లాగుతుంది. బిళ్ల మీద రేకు కప్పు బిగించాను.

మొదటి వారం నేనే నడిపాను. చేతి కట్టు విప్పాక లచ్చక్క వచ్చి హ్యాండిల్ పట్టుకుని, తోయకుండా నిలబడింది.

"మోటార్ బంద్ చెయ్యి తమ్మీ," అంది.

ఆపాను. ఆగిన బిళ్ల మీదికి తొట్టిని పదిసార్లు తోసింది. ప్రతిసారీ వంగి, తన చేతులు ఎంత దూరంలో ఆగుతున్నాయో చూసుకుంది. నేను పక్కనే నిలబడ్డాను.

"ఇగ ఎయ్యి," అంది.

హోటలాయన మళ్లీ రాలేదు. పెళ్లి వంటలవాళ్లు వచ్చారు, అడితి నిలబడింది. మరుసటి ఏడాది మందమర్రి నుంచి ఒకతను అట్లాంటి మిషను కావాలని వచ్చాడు. తొట్టి వద్దట, ఒట్టి బల్ల చాలట, జల్దీ అయిపోతుందట. తొట్టి లేకుండా చేయనన్నాను. అతను వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఎవరు ఏ మిషను అడిగినా, ముందు ఒక రోజంతా వాళ్లు పనిచేసే చోట కూర్చునేవాణ్ని. వాళ్ల చేతులు ఎక్కడెక్కడికి పోతున్నాయో చూసి వచ్చాకే ఇనుము కోసేవాణ్ని.