గ్యారేజీ మీద గది

కొత్త ఇల్లు కట్టాక గుమ్మంలో పెద్ద ఫ్యాను బిగించి, ఆ ఇంట్లోకి గాలి ఎక్కడెక్కడ దూరుతోందో కనిపెట్టడం నోరీన్ గిల్‌హూలీ పని. ఆమె సంతకం పడితేనే లీట్రిమ్ జిల్లాలో ఇల్లు పూర్తయినట్టు. భర్త పోయాక పన్నెండేళ్లుగా ఆ పనే ఆమెకు ఆధారం.

మేస్త్రీ మలకీ మెక్‌గోవర్న్ వేరేవాళ్లకు కట్టిన ఇంట్లో గ్యారేజీ ఇంటి కడుపులోనే ఉంది. దానిమీద పిల్లల గది. ఫ్యాను తిప్పితే గాలి ఉండాల్సిన లెక్కకంటే ఎక్కువ దూరుతోందని తేలింది. నోరీన్ గ్యారేజీలో పొగ వదిలి మేడెక్కింది. పిల్లల గదిలో గోడ అడుగున ఉన్న చెక్కపట్టీ వెనకనుంచి తెల్లటి పొగ సన్నగా పైకి లేస్తోంది. మోకాళ్లమీద కూర్చుని చెయ్యి పెట్టింది. చల్లటి గాలి తగిలింది.

"ఆ పొగ నువ్వు పెట్టిందే కదా పిల్లా," అన్నాడు మలకీ గుమ్మంలో నిలబడి.

"నేను పెట్టింది కిందనయ్యా. పైకి అదే నడిచొచ్చింది. రేపు కారు పొగా ఇలాగే వస్తుంది. దూలాలు గోడలో దిగినచోట ఎవరూ గాలి ఆపే టేపు వెయ్యలేదు, చలి ఆపే ఇన్సులేషన్ ఊరికే కుక్కి వదిలేశారు. గ్యారేజీ కప్పు విప్పించు."

"రంగు కూడా వేశాక విప్పమంటావా? పట్టీ చుట్టూ టేపు అంటిస్తా. నువ్వు కొలుచుకుని పో, సాయంత్రం పీకేస్తా."

"ఆ కాగితం మీద నా పేరుంటుంది."

"మీ నాన్నతో కలిసి సిమెంటు దిమ్మెలు మోసినవాణ్ణి. నాకే నేర్పుతున్నావా?"

ఇల్లు పరీక్షలో తప్పిందని రాసి కాగితం అతని చేతిలో పెట్టింది నోరీన్. మరుసటి వారం ఇంకొకతను వచ్చి కొలిచాడు. ఇల్లు నెగ్గింది. ఆ తర్వాత మలకీయే కాదు, మిగతా మేస్త్రీలూ ఆమెకు ఫోను చెయ్యడం మానేశారు. "నోరీన్‌ని పిలిస్తే కప్పు ఊడబెరకాల్సిందే" అని పబ్బులో నవ్వుకునేవారట. ఆమె హోటల్లో దుప్పట్లు ఉతికే పనికి కుదిరింది.

ఫిబ్రవరిలో రొట్టెల కొట్టు దగ్గర మలకీ కట్టిన ఆ ఇంటావిడ ఈలిష్ ఎదురైంది.

"ఫ్యాను పెట్టే ఆవిడ మీరేనా? మా ఇల్లు ముందు మీరే చూశారట."

ఇన్నాళ్లకు తన మాట నిజమని ఒకరు ఒప్పుకుంటారని నోరీన్‌కు లోలోపల సంతోషం వేసింది. "చూశానమ్మా. ఇల్లు తప్పిందని మలకీకి రాసిచ్చాను."

"మా చిన్నది రోజూ పొద్దున్నే తలనొప్పని ఏడ్చేది. ఇంట్లోకి పొగ వస్తోందా అని డాక్టరు అడిగేదాకా మాకు తెలీదు. ఆ గదిలో పడుకునేది మలకీ పిల్లలా?"

"నన్ను పిలిచింది అతనమ్మా. మీ నంబరు నా దగ్గర లేదు."

"గేటు మీద మా పేరుంది," అంది ఈలిష్.

ఆ రోజు ఆ గేటు తీసుకునే లోపలికి వెళ్లింది నోరీన్. కోపమంతా మలకీ మీద పెట్టుకుంది గానీ ఆ గదిలో ఎవరు పడుకుంటారో ఒక్కసారీ ఆలోచించలేదు.

శనివారం పిలవకుండానే ఈలిష్ ఇంటికి వెళ్లింది. గ్యారేజీ కప్పు విప్పి, ఒక్కో దూలం చుట్టూ టేపు వేసి, ఇన్సులేషన్ సందు లేకుండా నింపి, మళ్లీ పలకలు బిగించేసరికి చీకటిపడింది. ఈసారి పొగ వదిలి చూస్తే పైకి రాలేదు.

"సరే," అంది ఈలిష్, చూసి.

లీట్రిమ్‌లో చెడ్డ కబురు తెచ్చిన పోస్టుమనిషికైనా టీ పోస్తారు. ఈలిష్ కూర్చోమని కూడా అనలేదు. నోరీన్ గ్యారేజీ కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, తలుపు తనే దగ్గరికి లాగి వచ్చేసింది.